ఓడలో భోజనం టేబుల్: బంతుల నుంచి బుకింగుల దాకా

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఎక్కిన మొదటి తరగతి ప్రయాణికుడికి రాత్రి భోజనానికి రెండు దారులుండేవి. ఒకటి ఓడ కంపెనీవారి పెద్ద భోజనశాల. ఐదు వందల మందికి పైగా ఒకేసారి కూర్చోగలిగిన ఆ హాలుకు బూర ఊది పిలిచేవారు. పిలిచినప్పుడు వెళ్లాలి, కేటాయించిన చోట కూర్చోవాలి, ఆ పూట వండినవాటిలోంచి తినాలి. రెండోది పై అంతస్తులో లుయీజీ గాట్టి నడిపిన రెస్టారెంటు. పొద్దున 8 గంటల నుంచి రాత్రి 11 దాకా తెరిచే ఉండేది. వీలైన వేళకు వెళ్లి, కావలసింది చెప్పి చేయించుకుని, బిల్లు విడిగా కట్టి రావచ్చు. ఓడ భోజనం మొత్తానికే వద్దనుకున్నవాళ్లకు టికెట్టు ధర కొంత తగ్గించేవారు కూడా. ఓడ మంచుకొండను గుద్దుకున్న ఏప్రిల్ 14 రాత్రి ఫిలడెల్ఫియా కోటీశ్వరులైన వైడెనర్ కుటుంబం కెప్టెన్ స్మిత్‌కు విందు ఇచ్చింది ఆ రెస్టారెంటులోనే. గాట్టి, ఆయన సిబ్బందిలో దాదాపు అందరూ ఆ రాత్రే చనిపోయారు.

నేటి క్రూజ్ కంపెనీలు ‘ఫ్లెక్సిబుల్ డైనింగ్’ అని అమ్ముతున్న పద్ధతికి, అంటే ఇష్టమైన వేళకు ఇష్టమైన టేబుల్ దగ్గర తినే సౌకర్యానికి, వందేళ్లు దాటాయన్నమాట. కొత్త సంగతల్లా అది మామూలు టికెట్టు కొన్నవాడికీ దక్కుతుందని చెప్పడం. నిజంగా దక్కిందా అన్నది వేరే లెక్క.

ఆవిరి ఓడల తొలి రోజుల్లో ఎంపిక ప్రసక్తే లేదు. కునార్డ్ కంపెనీవారి బ్రిటానియా 1840లో అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత జనవరిలో అదే ఓడలో అమెరికా వెళ్లిన చార్లెస్ డికెన్స్ దాని భోజనశాలను చూసి హతాశుడయ్యాడు. పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న ఆ గదిని కిటికీలు పెట్టిన శవవాహనంతో పోల్చాడు. గదికి ఈ చివర నుంచి ఆ చివర దాకా బల్లలు, వాటి పైన తక్కువ ఎత్తు కప్పుకు బిగించిన చట్రంలో గాజు గ్లాసులు. ఓడ ఎంతగా ఊగుతుందో ఆ గ్లాసులను చూస్తేనే తెలిసిపోయేది. ఉన్నది ఒక్క గది, ఒక్క వేళ. ఆ కాలపు ఓడల అడుగు అంతస్తుల్లో వలస పోయేవారికి అదీ లేదు. చాలా ఓడల్లో వాళ్లు దినుసులు తీసుకుని తామే వండుకోవాలి. టేబుల్ మాట అటుంచి, పొయ్యి దొరకడానికే గంటల తరబడి కాచుకోవాలి.

1871లో వైట్ స్టార్ కంపెనీ ఓషియానిక్ అనే ఓడతో ఈ తీరు మార్చింది. ఊపు తక్కువగా ఉండే నడిమధ్యకు భోజనశాలను తెచ్చి, ఓడ వెడల్పంతా పరిచి, మొదటి తరగతివారంతా ఒక్క బంతిలోనే కూర్చునే చోటు కల్పించింది. బెంచీల స్థానంలో విడివిడి కుర్చీలు వచ్చాయి. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. బెంచీ మీద ఎవరు ఎక్కడైనా సర్దుకోవచ్చు. కుర్చీ వేశాక ‘ఇది నీ చోటు’ అని చెప్పాలి, చెప్పడానికి ఒక పట్టీ రాయాలి, పట్టీ రాయడానికి ఒక మనిషి ఉండాలి. భోజనశాల పెద్ద స్టీవార్డుకు పలుకుబడి వచ్చింది అక్కడి నుంచే.

ఆ పలుకుబడి అలాంటిలాంటిది కాదు. ఓడ రేవు వదలకముందే జనం ఆయన బల్ల ముందు వరుస కట్టేవారు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, కేబిన్‌లో పెట్టె పడేయగానే పరుగున వచ్చి గోడవైపు టేబుల్, ఇద్దరి టేబుల్, ఫలానా వారి పక్క టేబుల్ రాయించుకునేవారు. ఒకసారి రాశారంటే రేవు చేరేదాకా అంతే. కెప్టెన్ టేబుల్‌కు పిలుపు వచ్చినవారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇలాంటి భోజనశాల అందరికీ సుఖంగా ఉండేది కాదు. 1888 సెప్టెంబరు 4న బొంబాయిలో క్లైడ్ అనే ఓడ ఎక్కిన గాంధీ భోజనశాలకు వెళ్లడానికే జంకాడు. కత్తీ ఫోర్కూ పట్టడం తెలియదు, ఏ వంటకంలో మాంసం లేదో అడిగే ధైర్యం లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్లు కేబిన్‌లోనే తిని రోజులు గడిపానని ఆత్మకథలో రాసుకున్నాడు. తోటి ప్రయాణికుడు మజుందార్ నచ్చజెప్పినా లాభం లేకపోయింది. శాకాహారి అయిన భారతీయుడికి ఓడ టేబుల్‌తో వచ్చిన చిక్కు వేళ గురించి కాదు, వడ్డించే మనిషి గురించి. తన సంగతి తెలిసిన వెయిటర్ రోజూ ఒకడే ఉంటే సగం బాధ తీరేది. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

వేళను ప్రయాణికుడి చేతికి మొదట ఇచ్చినవాడు హాంబర్గ్-అమెరికా కంపెనీ అధిపతి ఆల్బర్ట్ బాలిన్. విహారం కోసమే ఓడను తిప్పవచ్చని 1891లో ఆగస్టా విక్టోరియాను మధ్యధరా సముద్రానికి పంపి నిరూపించినవాడూ ఆయనే. 1905లో అమెరికా అనే ఓడలో రిట్జ్-కార్ల్‌టన్ పేరుతో రెస్టారెంటు పెట్టించాడు. హోటళ్ల దిగ్గజం సీజర్ రిట్జ్ పేరు, పేరొందిన ఫ్రెంచి వంటవాడు ఎస్కోఫియే వంట, విడిగా బిల్లు. టైటానిక్‌లో గాట్టి నడిపింది ఆ బాటలోనే. 1936లో క్వీన్ మేరీ కూడా వెరాండా గ్రిల్‌తో అదే దారి పట్టింది. అదనంగా డబ్బు కట్టాలి, టేబుల్ ముందే చెప్పుకోవాలి. ఓడ వెనుక భాగాన సముద్రం కనబడుతూ తినగలిగిన ఆ చిన్న గదిలో చోటు దొరకడం గొప్పగా ఉండేది. కింద అసలు భోజనశాలలో మాత్రం గోడ మీద అట్లాంటిక్ పటం, దాని మీద ఓడ ఎక్కడుందో చూపుతూ కదిలే చిన్న బొమ్మ ఓడ. దాన్ని చూసుకుంటూ తక్కినవాళ్లు తమకు రాసిన చోట కూర్చుని తినేవారు.

1958లో అట్లాంటిక్‌ను ఓడల్లో కంటే విమానాల్లో దాటినవారే ఎక్కువయ్యారు. ఓడ కంపెనీలు గమ్యాన్ని వదిలి ప్రయాణాన్నే అమ్మడం మొదలుపెట్టాయి. 1966లో సన్‌వర్డ్, 1970లో సాంగ్ ఆఫ్ నార్వే, 1972లో మార్డి గ్రాస్ మయామీ నుంచి కరీబియన్ దీవులకు బయలుదేరాయి. తరగతులు పోయాయి కానీ బంతులు స్థిరపడ్డాయి. సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో మొదటి బంతి, ఎనిమిది దాటాక రెండోది. లెక్క తేలికే. రెండు వేల మంది ఎక్కే ఓడలో వెయ్యి కుర్చీల హాలు చాలు. మిగిలిన చోటు కేబిన్లకో, జూదశాలకో పనికొస్తుంది. మొదటి బంతి తినేటప్పుడు రెండో బంతి నాటకం చూస్తుంది, తర్వాత తారుమారు. వంటశాలకు ఎప్పుడు ఎన్ని ప్లేట్లు కావాలో నిమిషాలతో సహా తెలుసు.

ఈ పద్ధతిని ఇప్పుడు చాలామంది నిర్బంధం అంటారు గానీ, అందులో ఉన్న మేలు చిన్నది కాదు. మూడో రాత్రికల్లా వెయిటర్‌కు ఎవరు పంచదార వేసుకోరో, ఎవరికి ఉల్లి పడదో తెలిసిపోతుంది. టేబుల్ దగ్గర కలిసిన ఆరుగురు అపరిచితులు ఒడ్డు దిగేటప్పటికి చిరునామాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆఖరి రాత్రి కవర్లో టిప్పు పెట్టి చేతికిస్తారు. కష్టాలూ ఉన్నాయి. మొదటి బంతివాళ్లను ఐస్‌క్రీమ్ కరిగేలోపే లేపినంత పని చేసేవారు. రేవులో ఊరు చూసి ఆలస్యంగా వచ్చినవాళ్లు ఉప్పునీటి బట్టలతోనే పరుగెత్తాలి. పక్కనున్న మనిషి నోరు మూయని రకమైతే ఏడు రాత్రుల శిక్ష.

1984లో వచ్చిన సీ గాడెస్ లాంటి చిన్న, ఖరీదైన ఓడలు ఎప్పుడైనా రండి, ఎక్కడైనా కూర్చోండి అన్నాయి. నూట ఇరవై మంది లోపు ప్రయాణికులు, అందరికీ సరిపడా కుర్చీలు, ఇక చిక్కేముంది? 1990లో క్రిస్టల్ హార్మనీ పెద్ద భోజనశాలకు తోడు ఇటాలియన్, జపనీస్ రెస్టారెంట్లు పెట్టింది. 1998లో డిస్నీ మ్యాజిక్ తెలివైన మధ్యేమార్గం కనిపెట్టింది. కుటుంబాలు రోజుకో హాలుకు మారతాయి, వెయిటర్లు కూడా వాళ్లతోపాటే మారతారు. హాలు కొత్తది, మనిషి పాతవాడే.

పెద్ద ఓడల్లో ఆనకట్ట తెగింది 2000లో. ఆ ఏడాది మలేషియాకు చెందిన స్టార్ క్రూజెస్ నార్వీజియన్ క్రూజ్ లైన్ కంపెనీని చేజిక్కించుకుంది. అదే ఏడు నార్వీజియన్ ‘ఫ్రీస్టైల్’ పేరుతో నియమిత వేళను, నియమిత టేబుల్‌ను, కోటు-టై నిబంధనను ఎత్తేసింది. 2001లో వచ్చిన నార్వీజియన్ స్టార్‌ను ఈ పద్ధతికి తగినట్టే పది రెస్టారెంట్ల దాకా పెట్టి కట్టారు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, రాయల్ కరీబియన్, కార్నివాల్ ఒక్కొక్కటిగా వెంట నడిచాయి. అయితే వాళ్లు పాత బంతులను చెరపలేదు. హాలులో కొంత భాగం బంతులకు, కొంత భాగం ఇష్టమైన వేళకు కేటాయించి, ఏది కావాలో టికెట్టు కొనేటప్పుడే ఎంచుకోమన్నారు.

దీంతో ఎక్కువగా మారింది భోజనం కాదు, టిప్పు. రోజుకో వెయిటర్ వడ్డిస్తే కవరు ఎవరి చేతికివ్వాలి? అందుకే రోజుకింత అని తలకు లెక్కగట్టి ఖాతాలో వేయడం మొదలైంది. అది క్రమేణా బంతుల్లో తినేవాళ్లకూ పాకింది. ప్రయాణికుడి ఇష్టం మీద ఆధారపడిన డబ్బు కంపెనీ బిల్లులో ఒక పద్దుగా మారిపోయింది. స్వేచ్ఛ పేరుతో వచ్చిన మార్పుల్లో కంపెనీలకు బాగా కలిసొచ్చినది ఇదేనని నా అనుమానం.

2014 చివర రాయల్ కరీబియన్ క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌ను దించినప్పుడు ఇంకో అడుగు వేసింది. పెద్ద భోజనశాలనే తీసేసి, దాని బదులు అదనపు ఖర్చు లేని నాలుగు రెస్టారెంట్లు పెట్టింది. ఒకదానిలో అమెరికన్ వంట, ఒకదానిలో ఆసియా వంట, ఒకదానిలో కొత్త పోకడ వంట, నాలుగోదానిలో రోజూ దర్జా దుస్తులు. దీనికి డైనమిక్ డైనింగ్ అని పేరు. ఏ రాత్రి ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది ముందే బుక్ చేసుకోవాలి. వినడానికి బాగుంది. ఆచరణలో అందరికీ ఏడు గంటలకే ఆకలి. పిల్లలున్నవారు, పెద్ద కుటుంబాలు కోరిన వేళ దొరక్క తిప్పలు పడ్డారు. బుక్ చేసుకున్నవాళ్లే తలుపు ముందు వరుసలో నిలబడ్డారు. పాత వెయిటర్ ఏడీ అని అడిగినవారూ తక్కువేం కాదు. కంపెనీ మొదట వెయిటర్లను కూడా కుటుంబంతో తిప్పే ‘క్లాసిక్’ పద్ధతి పెట్టి చూసింది. 2015లో తన ఒయాసిస్, అల్యూర్ ఓడలకు డైనమిక్ డైనింగ్‌ను తేవాలన్న ఆలోచనే విరమించుకుంది. ఆ తర్వాత వచ్చిన హార్మనీ ఆఫ్ ద సీస్‌లో పెద్ద భోజనశాల, బంతులు మళ్లీ యథాస్థానంలో ఉన్నాయి.

కరోనా తర్వాత ఈ పని ఫోన్‌లోకి వెళ్లింది. 2021లో ప్రయాణాలు మొదలుపెట్టిన వర్జిన్ కంపెనీ ఓడలో పెద్ద భోజనశాలా లేదు, బఫే కూడా లేదు. ఉన్న రెస్టారెంట్లకు యాప్‌లో చోటు పట్టుకోవాలి. వెనకటి పెద్ద స్టీవార్డు పట్టీ ఇప్పుడు మన చేతిలోనే ఉంది. దానితోపాటు ఆయన చేసిన పని కూడా మన నెత్తికే వచ్చింది.

ఎవరు పట్టీ రాసినా కుర్చీల సంఖ్య మారదు. 2004లో ప్రయాణాలు మొదలుపెట్టిన క్వీన్ మేరీ 2 దీన్ని దాచకుండా చెప్పింది. మామూలు కేబిన్లవారికి బ్రిటానియా రెస్టారెంట్‌లో రెండు బంతులు. ఖరీదైన గ్రిల్ తరగతివారికి మాత్రం ప్రయాణమంతా వాళ్ల పేరనే ఉండే టేబుల్, ఎప్పుడు వచ్చినా ఖాళీగా ఎదురుచూస్తూ. అసలైన ఫ్లెక్సిబుల్ డైనింగ్ అంటే అది. ఒక కుర్చీని గంటల తరబడి ఖాళీగా ఉంచే ఖర్చు ఎవరో భరించాలి. మామూలు టికెట్టులో అది ఇమడదు.

2022లో విశాఖ రేవుకు కార్డీలియా ఎంప్రెస్ అనే క్రూజ్ ఓడ వచ్చాక, సింగపూర్ వెళ్లి ఓడ ఎక్కే కుటుంబాలు కూడా పెరిగాక, తెలుగువారికి ఈ చరిత్రతో కొంత పని పడింది. తాతయ్య, నాయనమ్మ, పిల్లలు కలిసి ఎనిమిది మంది వెళ్తుంటే, అందులో ఇద్దరు ఉల్లి కూడా తినకపోతే, ‘ఎప్పుడైనా తినండి’ అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. బంతులున్న ఓడైతే మొదటి బంతి అడగండి. లేకపోతే ఓడ ఎక్కిన రోజే హెడ్ వెయిటర్‌ను కలిసి, రోజూ ఒకే వేళ, ఒకే టేబుల్, ఒకే వెయిటర్ కావాలని రాయించుకోండి. ఇద్దరే వెళ్తున్నారా, ఆకలి ఆపుకోగలరా, ఎనిమిదిన్నర తర్వాత వెళ్లండి. బుకింగ్ అవసరం సాధారణంగా ఉండదు.