పశువుల నాడి



మనుష్యునకు జబ్బు చేసినచో వైద్యుడు మొదట అడుగు ప్రశ్న "ఏమి బాధ?" అని. పశువైద్యునకు ఆ ప్రశ్న అడుగు వీలు లేదు. అతని రోగి చెప్పజాలదు. పైగా తన బాధను దాచును. మందలో బ్రదుకు జంతువు నీరసమును పైకి కనబరచినచో పులికో తోడేలుకో ముందుగా ఎర యగును గనుక, దాచుట దానికి పుట్టుకతో వచ్చిన గుణము. ఇట్టి రోగిని పరీక్షించు విద్య ఎట్లు పెరిగినదో, దానివలన లోకమునకు ఏమి మేలు కలిగినదో ఈ పూట మీకు మనవి చేసెదను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచితినని అశోకుడు క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున తన రెండవ శిలాశాసనమున చెప్పుకొనెను. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలమీద ఆ శాసనము నేటికిని ఉన్నది. రాజుగారి గుఱ్ఱముల వయస్సు, వన్నె, గురుతులు, జాతి పుస్తకమున కెక్కింపవలెననియు, చికిత్సాలోపముచే వ్యాధి ముదిరినచో దండుగ విధింపవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రము శాసించుచున్నది. శాలిహోత్రుని పేర అశ్వవైద్యమును, పాలకాప్యుని పేర గజవైద్యమును ప్రసిద్ధములు. తెలుగున మనుమంచి భట్టు అశ్వశాస్త్రమును పద్యములలో రచించెను.

అయితే ఒక్క సంగతి గమనింపుడు. ఏనుగులును గుఱ్ఱములును రాజుల సొత్తు. అందుచేత వానికి గ్రంథములు విరివిగా పుట్టినవి. దుక్కిటెద్దునకును పాడిగేదెకును రైతు కన్నే శాస్త్రమైనది. ముట్టె తడిగా నున్నదా, ఆరినదా? నెమరు వేయుచున్నదా, మానినదా? చెవులు వ్రాలినవా? వెండ్రుకలు నిక్కినవా? పేడ ఎట్లున్నది? ఇవి మన తాతలు చూచిన గురుతులు. నేటి కళాశాలలలో చదువు గ్రంథములును మొట్టమొదట వీనినే చూడుమనుచున్నవి.

ఐరోపాఖండమున ఈ విద్యకు కళాశాల యేర్పడుటకు కారణములలో పశువుల మారి ముఖ్యమైనది. దానిని ఇంగ్లీషులో రిండర్‌పెస్టు అందురు. మనవారు ముసర యందురు. 18వ శతాబ్దమున అది ఆ ఖండమునందలి మందలను పలుమారులు ఊడ్చివేసెను. 1761లో ఫ్రాన్సు ప్రభుత్వ మనుమతింపగా క్లాడ్ బూర్జెలా అను నతడు మరుసటి సంవత్సరము లియాన్ నగరమున పశువైద్య పాఠశాలను తెరచెను. ఆ 1761లోనే వియన్నాలో ఔవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ ధ్వనినిబట్టి లోపలి స్థితిని గ్రహింపవచ్చునని గ్రంథము ప్రకటించెను. అతడు పూటకూళ్లయింటివాని కుమారుడు. పీపాలు తట్టి సారాయి మట్టము తెలిసికొనుట చూచి యీ యుపాయము కనిపెట్టెనని చెప్పుదురు. 1816లో ఫ్రాన్సు వైద్యుడు లెన్నెక్ స్టెతస్కోపును కల్పించెను.

మనుష్యులకై పుట్టిన ఈ రెండు ఉపాయములును పశువులకొట్టమునకు వచ్చి చక్కగా పనికివచ్చినవి. ఆవు ఎడమ డొక్కమీద చేయి మోపి నిలిచినచో లోపలి పెద్దపొట్ట అలవలె లేచి పడుట తెలియును. ఆరోగ్యముగా నున్న ఆవునకు రెండు నిమిషములలో అది రెండు మూడు పర్యాయములు కదలవలెను. కడుపుబ్బరము పట్టినచో అచ్చోట తట్టగా డోలువలె మ్రోగును. ఆవు మేతను సరిగా నమలకయే మ్రింగును గనుక, గడ్డిలో పడిన మేకో తీగముక్కో కడుపులోనికి పోయి, ఒక్కొక్కప్పుడు గుండెవైపు దూసికొనిపోవును. అట్టి పశువు మెడ నరము ఉబ్బును. గంగడోలు క్రింద నీరు దిగును. మూపువద్ద నొక్కినచో మూలుగును. ఇంత చెప్పునది ఏ యంత్రమును కాదు, వైద్యుని చేయియే.

నాడి చూచుటకును ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క తావు కలదు. గుఱ్ఱమునకు దవుడ క్రింద, ఆవునకు తోక క్రింద, మేకకును కుక్కకును తొడ లోపలి వైపున. నిమిషమునకు గుఱ్ఱము నాడి సుమారు 30 మొదలు 40 వరకు, ఆవు నాడి 60 మొదలు 80 వరకు కొట్టుకొనును. బెదరిన పశువు నాడి వేగిరపడును గనుక, ముందు దూరమున నిలిచి ఊపిరి లెక్కించి, పిదపనే దగ్గరకు పోవలెను. నేను పల్లెలలో పనిచేసిన కాలమున ఇంకొక నియమము పాటించెడివాడను: పశువును తాకకముందు పాలు పితుకు ఇల్లాలిని అడిగెడివాడను. "నిన్నటినుండి చేపుట లేదండీ, దూడను దగ్గరకు రానీయదండీ" అను ఆమె మాట నా పరీక్షలో మొదటి భాగము.

ఇక ఉష్ణమాపకము మాట. 1865లో ఇంగ్లండున ముసర పడినప్పుడు విచారణకై నియమింపబడిన శాస్త్రజ్ఞులలో బర్డన్ శాండర్సన్ ఒకడు. రోగచిహ్నము లేవియు పైకి కానరాకముందే, ఒకటి రెండు దినములు ముందుగా, పశువు ఒంటివేడి హెచ్చునని వారు తేల్చిరి. ఆవు సహజమైన వేడి ఫారన్‌హీటు మానమున సుమారు 101½ డిగ్రీలు; ముసరలో అది 104 దాటి పోవును. నోటిలో పుండ్లు, కంట నీరు, రక్తవిరేచనములు తరువాత వచ్చును. పైకి ఏమియు తెలియని దినములలోనే రోగము ప్రక్క పశువునకు అంటును గనుక, ఆ చిన్న గాజుగొట్టము మందను వేరుచేయుటకు వ్యవధి నిచ్చినది.

మన దేశపు పశుమారులను గూర్చి విచారణసంఘము 1871లో నివేదిక నిచ్చెను. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో ఏర్పడెను. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో చేరియున్న ఆ కాలమున మనవారు అక్కడనే చదివిరి. 1920 దశకమున హిమాలయములలోని ముక్తేశ్వర్ పరిశోధనాలయమున ఎడ్వర్డ్సు మేకలద్వారా బలహీనపరచిన ముసర విషమునుండి టీకాను సిద్ధపరచెను. 1954లో దేశమంతట టీకా ఉద్యమము ఆరంభమైనది.

టీకా ఒక్కటియే ముసరను తుదముట్టింపలేదు. రోగము మిగిలిన మూల ఎచ్చటనో వెదకవలసివచ్చినది. అందుకై పశువైద్య సిబ్బంది ఊరూర తిరిగి, నోళ్లు తెరచి చిగుళ్లు చూచి, జ్వరము కొలిచి, కాపరులను ప్రశ్నించిరి. ఆఫ్రికాలోను మందలు మేపువారి మాటయే దారి చూపినది. మన దేశమున 1995 తరువాత ముసర కానరాలేదు. 2011లో అది భూమిమీద లేదని ప్రపంచ సంస్థలు ప్రకటించినవి. మసూచికము తరువాత మానవుడు రూపుమాపిన రెండవ వ్యాధి ఇదియే.

నేడు రక్తపరీక్షలును, లోపలి అవయవములను తెరపై చూపు యంత్రములును వచ్చినవి, రావలసినదే. కాని ఏ రక్తము తీయవలెనో, ఏ భాగమును చూడవలెనో నిర్ణయించునది మొదటి పరీక్షయే. అది మీ యింటనే ఆరంభము కావలెను. ఉదయము మేత వేయునప్పుడు ఒక్క క్షణము నిలిచి ముట్టె చూడుడు, నెమరు చూడుడు, కన్ను చూడుడు. ఏ మాత్రము తేడా కనబడినను వైద్యునకు కబురంపుడు. చూచినది చూచినట్లు చెప్పుడు. నోరులేని దాని పక్షమున మాటాడువారు మీరే గదా.