కేస్ షీటులో రోగి ఎక్కడ?



మీరు ఏదైనా బోధనాసుపత్రిలో చేరితే, మీ మంచం వద్దకు మొదట వచ్చేది పేరుపొందిన ప్రొఫెసరు గారు కాదు. ఎంబీబీఎస్ చివరి పరీక్షలు ముగించి, ఏడాదిపాటు శిక్షణ పొందుతున్న ఒక యువకుడో, యువతియో వస్తారు. మా కాలంలో వారిని హౌస్ సర్జన్లు అనేవారు. నేడు ఇంటర్న్‌లు అంటున్నారు. మా చేతిలో అట్టకు బిగించిన కేస్ షీటు ఉండేది, వారి చేతిలో టాబ్లెట్టో, ఫోనో ఉంటున్నది. ఈ మార్పు రోగికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. సమాధానానికి ముందు నా అనుభవం ఒకటి, ఆ తర్వాత కొంత చరిత్ర చెప్పవలసి ఉన్నది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులలో ఒక వృద్ధురాలు ఆయాసంతో, కాళ్ళ వాపులతో మా వార్డులో చేరింది. అది హృదయవైఫల్యం. మూత్రం జారీచేసే మందులిచ్చాము, వాపు తగ్గింది, ఇంటికి పంపాము. మూడు నెలలలో ఆమె మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కేస్ షీటు రాసినది నేనే. మూడవసారి, నేను ఇంజక్షను సిద్ధం చేస్తుండగా, ప్రక్కనున్న నర్సు ఆమెను అడిగింది: “ఇంటి దగ్గర ఏం తింటున్నావు అవ్వా?”

“ఏముంటుంది తల్లీ, ఇంత గంజన్నం, ఓ ఊరగాయ బద్ద. మీరిచ్చిన మాత్రల పొట్లం పదిరోజులకే అయిపోయింది.”

ఊరగాయలోని ఉప్పు శరీరంలో నీటిని నిలుపుతుంది. మాత్రలు ఆగిపోయాయి. ఆమె మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం ఆ రెండు మాటలలోనే ఉన్నది. నా కేస్ షీటులో మూడుసార్లూ “ఆహారం: మిశ్రమం” అని మాత్రమే ఉన్నది. ఆమె నాలుగవసారి రాలేదు. కోలుకొని రాలేదో, రాలేని స్థితిలో రాలేదో తెలుసుకొనే సాధనం అప్పుడు నా వద్ద లేదు. ఆ సంగతి ఇన్నేళ్ళయినా నన్ను విడువలేదు.

రోగి పేరుతో మొదలైన వైద్యచరిత్ర

రోగి వృత్తాంతాన్ని రాసిపెట్టే అలవాటు చాలా పాతది. సుమారు 2400 సంవత్సరాల క్రితం గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరిట వెలసిన ‘ఎపిడెమిక్స్’ గ్రంథాల మొదటి, మూడవ భాగాలలో 42 మంది రోగుల వృత్తాంతాలున్నాయి. వారిలో సగానికి పైగా మరణించినవారే. ఆ వైఫల్యాలను దాచలేదు. చాలామంది రోగులకు అక్కడ పేరు ఉంటుంది, ఊరిలో ఏ చోట నివసించేవారో ఉంటుంది, ఆపై ఏ రోజున ఏమి జరిగినదో ఉంటుంది. అంటే మొట్టమొదటి కేస్ షీటులలో రోగి ఒక ఊరిలో, ఒక ఇంటిలో బ్రతుకుతున్న మనిషిగా కనిపిస్తాడు.

ఆ తర్వాత అనేక శతాబ్దాలపాటు ఐరోపా విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య అధికభాగం గ్రంథపఠనంగానే సాగింది. 1714 నుండి హాలెండులోని లైడెన్ నగరంలో హెర్మాన్ బూర్‌హావె ఒక చిన్న ఆసుపత్రిలోని 12 పడకల చుట్టూ విద్యార్థులను నిలిపి బోధించాడు. ఆ పన్నెండు పడకలు ఐరోపా అంతటికీ పాఠశాల అయ్యాయి.

1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనె లెన్నెక్ ఒక యువతి ఛాతీని పరీక్షించడానికి కాగితాన్ని గొట్టంలా చుట్టి చెవికి ఆనించాడు. స్టెతస్కోపు పుట్టింది. ఛాతీకి నేరుగా చెవి ఆనించనవసరం లేకపోయింది. వైద్యునికీ రోగికీ మధ్య ఒక జానెడు దూరం ఏర్పడింది. అయినా లోపలి చప్పుడు మునుపటికంటే స్పష్టంగా వినబడింది. ప్రతి పరికరమూ ఈ రెండు పనులూ చేస్తుంది: కొంత దూరం చేస్తుంది, కొంత దగ్గర చేస్తుంది. ఏది ఎక్కువ చేస్తుందనేది వాడేవారి మీద ఆధారపడి ఉంటుంది.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో, దాని వైద్యకళాశాల 1893లో ప్రారంభమయ్యాయి. అక్కడ విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాసశాల నుండి వార్డులోకి తీసుకువచ్చాడు. వారికి రోగులను అప్పగించాడు. వృత్తాంతం సేకరించడం, పరీక్షించడం, నమోదు చేయడం వారి బాధ్యత అయినది. విద్యార్థులకు వార్డులలో బోధించిన వాడిగా తనను గుర్తుంచుకుంటే చాలునని ఆయన కోరుకున్నాడు.

కంప్యూటరు వచ్చిన తరువాత

1968లో లారెన్స్ వీడ్ అనే వైద్యుడు కేస్ షీటుల అస్తవ్యస్త స్థితిని విమర్శిస్తూ, రోగి సమస్యల జాబితా ఆధారంగా వాటిని రాసే పద్ధతిని ప్రచురించాడు. ఆయన ఏర్పరచిన క్రమంలో మొదటి స్థానం రోగి స్వయంగా చెప్పిన మాటలది. వైద్యుడు కనుగొన్నది రెండవది. నిర్ణయం, చికిత్సాప్రణాళిక ఆ తర్వాతివి. నేటికీ విద్యార్థులు ఈ క్రమాన్నే నేర్చుకుంటున్నారు. 1970లలో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఈ నమోదును తెరను తాకి పనిచేయించే కంప్యూటరులోకి తెచ్చింది.

అటువంటి మంచి ఉద్దేశంతో మొదలైనది తరువాత దారి తప్పింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన అబ్రహాం వర్గీస్ 2008లో ఒక హెచ్చరిక చేశారు. వైద్యబృందం కంప్యూటరులోని రోగికి పూర్తి శ్రద్ధ చూపుతున్నదనీ, మంచం మీది అసలు రోగి ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తున్నాడనీ ఆయన ఆవేదన. 2012లో బాల్టిమోర్‌లోని రెండు శిక్షణకేంద్రాలలో 29 మంది ఇంటర్న్‌లను వెన్నంటి గమనించారు. వారి కాలంలో రోగులతో నేరుగా గడిపినది 12 శాతం, కంప్యూటరు ముందు గడిపినది 40 శాతం. ఆ రెండు కేంద్రాలలో ఒకటి ఆస్లర్ బోధించిన జాన్స్ హాప్కిన్స్.

కాని ఆ కంప్యూటరే మరొక దారిని కూడా చూపింది. 2010లో అమెరికాలో మూడు చోట్ల 105 మంది వైద్యులు తాము రాసిన వివరాలను రోగులే చదువుకొనే వీలు కల్పించారు. ఏడాది తరువాత దాదాపు రోగులందరూ ఆ వీలు కొనసాగాలని కోరారు. వైద్యులలో ఒక్కరూ దానిని మానుకోలేదు. రోగి చదువుతాడని తెలిసినప్పుడు వైద్యుడు జాగ్రత్తగా, గౌరవంగా రాస్తాడు. రోగి తప్పులను సరిదిద్దగలుగుతాడు. “మిశ్రమాహారం” అన్న మాటను ఆ అవ్వకు ఎవరైనా చదివి వినిపించి ఉంటే, ఊరగాయ మాట మొదటిసారే బయటపడేది.

మన ఇంటర్న్‌లు చేయగలిగినది

2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం మన దేశంలో ఇంటర్న్‌షిప్ 12 నెలలు. చేసిన పనులను లాగ్ పుస్తకంలో నమోదు చేయాలి. ఎన్ని కుట్లు వేశారు, ఎన్ని కాన్పులకు సహాయపడ్డారు అన్నవి అవసరమే. అవి లెక్కించదగినవి. కాని ఒక రోగిని ఇంటికి పంపిన తరువాత ఏమైనదో ఆ లెక్కలో పడదు. డిజిటల్ సాధనాలకు అసలైన పని అక్కడే ఉన్నది.

మొదటిది, ఫోను. ప్రతి ఇంటర్న్‌కు కొద్దిమంది దీర్ఘవ్యాధిగ్రస్తులను అప్పగించి, వారు ఇల్లు చేరిన వారానికి, నెలకు ఫోను చేయమనాలి. మూడు ప్రశ్నలు చాలు: మందులు దొరుకుతున్నాయా? ఏమి తింటున్నారు? ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నారు? 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలతో దూరవైద్యానికి మన దేశంలో స్పష్టమైన నియమాలు ఏర్పడ్డాయి. చికిత్స మార్చవలసివస్తే ఆ నిర్ణయం రిజిస్టరైన పెద్ద వైద్యునిదే కావాలి.

రెండవది, భాష. మన రోగి “గుండెల్లో బరువుగా ఉంది” అంటాడు. మనము ఆంగ్లంలో “ఛాతీనొప్పి” అని రాస్తాము. బరువు వేరు, నొప్పి వేరు. “కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి” అన్నదానికీ, “కాళ్ళలో సత్తువ లేదు” అన్నదానికీ ఆలోచించవలసిన వ్యాధులు వేరు. నేటి ఫోనులో తెలుగు లిపి ఉన్నది. రోగి మాటను రోగి భాషలో ఒక వాక్యం రాసి, దాని క్రింద వైద్యపరిభాష రాయడం కష్టం కాదు.

మూడవది, గోప్యత. రోగి ఫోటోలు, రిపోర్టులు విద్యార్థుల సొంత వాట్సాప్ గుంపులలో తిరగడం తగదు. పేరు, ముఖం, చిరునామా తొలగించినా అనుమతి తప్పనిసరి. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం ఉన్నా, చట్టం కంటే ముందు రోగి మనమీద ఉంచిన విశ్వాసం ఉన్నది.

ఇవి చేయడానికి సమయమేదని యువవైద్యులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రక్తనమూనాలు మోయడానికీ, కాగితాలు నింపడానికీ ఇంటర్న్‌లనే వాడుకునే ఆసుపత్రులలో ఎన్ని సాధనాలిచ్చినా ఫలితముండదు. ఒకే వివరాన్ని మూడుచోట్ల రాయించే పద్ధతి మాని, ఆ మిగిలిన సమయాన్ని రోగికి కేటాయించాలి. అది ఆసుపత్రి యాజమాన్యాల, అధ్యాపకుల బాధ్యత.

పాఠకులారా, మీ వంతు కూడా కొంత ఉన్నది. ఈసారి మీ మంచం వద్దకు ఇంటర్న్ వచ్చినప్పుడు చిన్నవారని తీసివేయకండి. అడగకపోయినా మీ తిండి, మీ పని, మందులు కొనగలరా లేదా అన్నది చెప్పండి. వారు రాసుకున్న తర్వాత, “ఏమి రాశారో ఒకసారి చదివి వినిపించండి” అని మర్యాదగా అడగండి. తప్పుంటే దిద్దించండి. నా కేస్ షీటును దిద్దిన ఆ నర్సు పేరు నాకిప్పుడు జ్ఞాపకం లేదు గాని, ఆమె అడిగిన ప్రశ్నను మాత్రం నేను పదవీవిరమణ చేసే రోజు వరకు ప్రతి రోగినీ అడిగాను.