కోరంగి ఓడ మోకులు

యానాం శాఖలో పనిచేసేటప్పుడు, సాయంత్రాలు తెరచాప ఓడ నమూనా ఒకటి చేశాను. తెరచాప కొయ్యకు ఒక పక్క మోకులన్నీ ముందే బిగించేసరికి కొయ్య అటే ఒరిగింది. విప్పి, కుడికో జత, ఎడమకో జత మార్చి మార్చి కడితేగాని నిటారుగా నిలవలేదు. మా జమాఖర్చుల లెక్కే!

ఆ పక్కనే కోరంగి. అక్కడ మనవాళ్ళు నిజం ఓడలే కట్టారు. 1839 నవంబరు 25 నాటి ఉప్పెన ఆ రేవును ముంచేసింది. పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు.

ఊరి పేరు మనుషులకు మిగిలింది. మరి ఆ పనివారి మాటలో? మోకులకు, ముడులకు తెలుగు పేర్లు చెప్పగల పెద్దలు మీ రేవుల్లో ఉంటే, ఇప్పుడే అడిగి రాసిపెట్టండి.