శంషాబాదు ప్రాంతమున మన యిండ్లు, జొన్నకూడు, కొలువు

శంషాబాదునకు ఆ పేరు పైగా ప్రభువుల బిరుదమైన శంసుల్ ఉమ్రానుండి వచ్చినదని ప్రతీతి. ఊరిచరిత్ర వ్రాయువారు ఇచ్చటనే యాగుదురు. వంటింటి చరిత్రను వ్రాయఁబూనినవారు అరుదు. ఆ కొరతను కొంత తీర్చుటకే యీ వ్యాసము.

పూర్వ మీ ప్రాంతపు మన కాపురములకు జొన్నయే యాధారము. ఉదయమున అంబలి, మధ్యాహ్నమున గట్క, రాత్రి రొట్టెయు పచ్చిపులుసును. వరియన్నము పండుగనాఁటి మాట. బియ్యపుపిండిలో నువ్వులు, నానిన సెనగపప్పు కలిపి, గిన్నెలోపల తట్టి కాల్చెడి సర్వపిండి చుట్టములు వచ్చిననాఁటి భోగము. గుమ్మిలో జొన్నలున్నంతవఱకు తండ్రి కుమారునితో కొలువు వెదకుమనుట యరుదు.

2005లో విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. దానికై సేకరింపఁబడిన భూమి సుమారు 5,500 ఎకరములు. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు ఇటు మరలినవి. మఱుసటి నెలనే కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. పండుగయన్నము నిత్యాన్నమయ్యెను, జొన్నలు కొనుసరకయ్యెను. పరిహారధనము కొందఱికి ఇల్లయినది, కొందఱికి పెండ్లిండ్లలో కరిగినది.

పొలము పోయినయింటి బాలుఁడు కావలికో, సరకు మోయుటకో గుత్తేదారుల నాశ్రయించెను. అర్జీ వ్రాయవలెను; లోనికిఁ బోవు అనుమతిపత్రమునకు పూర్వవృత్తాంతపు విచారణ కావలెను. నేను వారికి శబ్దమంజరి నేర్పితినిగాని అర్జీ వ్రాయుట నేర్పనైతిని. మన సంఘమును ఉన్నతవిద్యకు వేతనము లొసఁగుచు, పదవతరగతితో నిలిచిపోయినవానిని మఱచినది. పోషకు లీ విషయము నీ మహాసభలోనే చర్చింపవలయును.

రాత్రివంతునకుఁ బోవు కుమారునికి తల్లి నేఁటికిని జొన్నరొట్టె మూటగట్టుచున్నది. జొన్నలు మాత్రము అంగడివి.