అంగస్తంభన లోపం

సంభోగానికి చాలినంత గట్టిదనం పురుషాంగానికి రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం తరచుగా జరుగుతుంటే దాన్ని అంగస్తంభన లోపం అంటారు. అలసటవల్లో, దిగులువల్లో ఎప్పుడో ఒకసారి జరిగితే లోపం కాదు. తెలుగునాట గోడల మీది రాతలు దీనికి ‘నరాల బలహీనత’ అని పేరు పెట్టాయి. చాలామందిలో అసలు చిక్కు రక్తనాళాల్లో ఉంటుంది.

ఆయుర్వేదపు అష్టాంగాల్లో లైంగిక శక్తికి సంబంధించిన వాజీకరణం ఒకటి. చరక, సుశ్రుత సంహితలు ఈ లోపాన్ని క్లైబ్యం అన్నాయి. ముసలితనంవల్ల వచ్చేదాన్ని చరకుడు, మనసువల్ల వచ్చేదాన్ని సుశ్రుతుడు వేరుగా లెక్కించారు. ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య వైద్యులు మాత్రం చాలాకాలం అంతా మనసులోనే ఉందన్నారు. 1970లో పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ కలిసి, భార్యాభర్తలకు జంటగా చికిత్స చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు.

అంతా మనసులోనే ఉందన్న నమ్మకాన్ని కదిలించినది సూదిమందు. 1982లో ఫ్రాన్స్ వైద్యుడు రొనాల్డ్ విరాగ్ అంగంలోకి పపావరిన్ అనే మందు ఎక్కిస్తే స్తంభన వస్తుందని ప్రకటించాడు. మరుసటి ఏడు లాస్ వేగాస్‌లో బ్రిటిష్ శాస్త్రవేత్త జైల్స్ బ్రిండ్లీ ముందే తనకు తాను సూది వేసుకుని వేదికెక్కాడు. ప్రసంగం మధ్యలో ప్యాంటు దించి ఫలితాన్ని మూత్రవ్యాధి నిపుణుల ముందే చూపించాడు. మర్యాద సంగతి ఎలా ఉన్నా, రుజువుకు తిరుగులేదు: కోరికతో పనిలేకుండా రక్తనాళాలు సడలితే చాలు.

అలా సడలించేది శరీరంలోని నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. గుండెనొప్పి కోసం మందుల సంస్థ ఫైజర్ పరీక్షించిన సిల్డెనాఫిల్ అక్కడ పెద్దగా అక్కరకు రాలేదు గాని, ఆ వాయువు మొదలుపెట్టిన పనిని ఎక్కువసేపు నిలబెట్టింది. 1998 మార్చి 27న అమెరికాలో వయాగ్రాగా అనుమతి పొందింది. ఇది కోరికను పుట్టించదు. గుండెజబ్బుకు నైట్రేట్ మాత్రలు వాడేవారు వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

పాత ‘నపుంసకత్వం’ అన్న మాటలోని అవమానాన్ని వదిలించాలని 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు ఇప్పటి పేరును సిఫారసు చేసింది. అంగానికి వెళ్లే ధమనులు గుండె ధమనులకంటే సన్ననివి. అందువల్ల ధమనుల్లో ఏర్పడే పూడిక ప్రభావం ముందు ఇక్కడే బయటపడవచ్చు. అందుకే వైద్యులు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు, వాడుతున్న మందుల గురించి ఆరా తీస్తారు. మాత్రలు పనిచేయకపోతే వాక్యూమ్ పరికరం, సూదిమందు, చివరగా శస్త్రచికిత్సతో అమర్చే ఇంప్లాంటు ఉన్నాయి.

తెలుగులో విజయవాడ వైద్యుడు జి. సమరం ఇలాంటి ప్రశ్నలకు ‘స్వాతి’ వారపత్రికలో ఏళ్ల తరబడి జవాబులిచ్చారు. లైంగిక శక్తిని పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. గోడల మీది రాతలు మాత్రం చెరిగిపోలేదు.