దస్తావేజు, వదంతి, శాపగ్రస్త గృహం: హాథార్న్ నవలలో సేలం చరిత్ర

దయ్యాల ఇంటి నవలను విమర్శకులు సాధారణంగా భయానక రసానికి ఉదాహరణగా పరిశీలిస్తారు. కాని ఈ ప్రక్రియ పుట్టుకలోనే ఒక ఆస్తి తగాదా ఉన్నది. 1764లో వెలువడిన హోరేస్ వాల్‌పోల్ నవల ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’లో ప్రేతం కోటను పట్టి పీడించడానికి కారణం, ఆ కోట అసలు యజమానిని చంపి ఆక్రమించినవారి వంశం చేతిలో ఉండడమే. హక్కు నిజమైన వారసునికి చేరగానే ప్రేతం పని ముగుస్తుంది. ఈ కథాసూత్రాన్ని నిర్దిష్టమైన ఒక ఊరి చరిత్రకు ముడిపెట్టిన రచన, నథానియల్ హాథార్న్ 1851లో ప్రచురించిన ‘ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్’. ఆ నవలలో అతీంద్రియ అంశం కేవలం భయం పుట్టించడానికి వచ్చినది కాదు. లిఖిత పత్రాలు దాచిన సత్యాన్ని నిలుపుకొనే జ్ఞాపకానికి అది మరొక రూపం.

హాథార్న్ 1804లో అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రపు రేవుపట్టణం సేలంలో జన్మించాడు. 1692లో ఆ ప్రాంతంలో మంత్రగత్తెలన్న అభియోగంపై నూట యాభైమందికి పైగా నిందితులయ్యారు. పందొమ్మిదిమందిని ఉరితీశారు. అభియోగానికి బదులు చెప్ప నిరాకరించిన గైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి బండరాళ్ల బరువు కింద నలిపి చంపారు. నిందితులను విచారించిన న్యాయాధికారులలో జాన్ హాథార్న్ ఒకడు. అతడు నవలాకారుని ముత్తాతకు తండ్రి. సహ న్యాయమూర్తి సామ్యూల్ స్యూవల్ 1697లో చర్చిలో బహిరంగంగా తప్పు ఒప్పుకున్నాడు. జాన్ హాథార్న్ అటువంటి పశ్చాత్తాపం ప్రకటించిన దాఖలా లేదు. నవలాకారుడు తన ఇంటిపేరు వర్ణక్రమంలో అదనంగా ఒక అక్షరం చేర్చుకున్నాడు గాని, ఆ వారసత్వాన్ని వదిలించుకోలేదు.

నవలలో కల్నల్ పించన్ అనే ధనికుడు మాథ్యూ మౌల్ అనే సామాన్యుని స్థలంపై కన్నువేస్తాడు. మౌల్‌ను మంత్రగాడన్న నేరంపై ఉరితీస్తారు. వధ్యస్థానం నుంచే మౌల్ కల్నల్‌ను శపిస్తాడు. ఆ స్థలంలోనే కల్నల్ ఏడు త్రికోణపు గోడల భవనం కట్టిస్తాడు. గృహప్రవేశం నాడే కుర్చీలో శవమై కనిపిస్తాడు. ఇక్కడ రచయిత రెండు సాక్ష్యాలను పక్కపక్కన నిలుపుతాడు. శవపంచాయతీ దానిని ఆకస్మిక మరణంగా నమోదు చేసింది. ఊరివారు మాత్రం కల్నల్ గొంతుపై వేలిముద్రలున్నాయని చెప్పుకున్నారు. వదంతిని కథకుడు పూర్తిగా సమర్థించడు. అయినా అధికారిక నమోదు చెప్పని అన్యాయాన్ని తరతరాలకు అందించినది ఆ వదంతే. ఊటబావి నీరు చెడిపోవడం, గోడమీద కల్నల్ చిత్రపటం, అర్ధరాత్రి వినవచ్చే ఆలిస్ పించన్ వాద్యధ్వని, ఇవన్నీ ఆ అలిఖిత సాక్ష్యంలోని భాగాలే.

దీనికి ఎదురుగా నిలిచినది దస్తావేజు. తూర్పున ఉన్న విశాలమైన భూములు తమవేనని పించన్ వంశం తరాలపాటు నమ్ముతుంది. అందుకు ఆధారమైన పత్రం మాత్రం దొరకదు. ఆ ఇంటిని కట్టిన వడ్రంగి మౌల్ కొడుకే. అతడే ఆ పత్రాన్ని కల్నల్ చిత్రపటం వెనుక గూటిలో దాచాడు. చివరకు అది బయటపడేసరికి దానికి విలువ లేదు. ఆ కాగితంపై ఉన్నవి ఆదివాసీ నాయకుల గుర్తులు. మౌల్‌కు జరిగిన అన్యాయం శాపంగానైనా వినబడింది. ఆ భూములలో అంతకుముందు నివసించినవారికి నవలలో ప్రేతరూపం కూడా దక్కలేదు. సేలం జ్ఞాపకానికి ఉన్న హద్దు ఇక్కడ స్పష్టమవుతుంది.

పిత్రార్జితంలో ఆస్తితోపాటు అప్పు కూడా సంక్రమిస్తుందన్నది మన సంప్రదాయం ఎరిగిన ధర్మమే. పించన్ వంశీయులు ఆస్తిని స్వీకరించి అప్పును నిరాకరించారు. ఇంటిని మౌల్ సంతతికి తిరిగి ఇవ్వాలని తలచిన ఒక వృద్ధుడు మరణించగా, ఆ మరణం హత్యగా పరిగణితమై, అతని మేనల్లుడు క్లిఫర్డ్ ముప్పై ఏళ్లు చెరసాల అనుభవిస్తాడు. నిజం తెలిసి దాచిన జడ్జి జాఫ్రీ పించన్ అదే ఇంట్లో, పూర్వికుని కుర్చీలోనే మరణిస్తాడు. ఈ విధంగా శాపం పునరావృతమైన నేరానికి సంకేతంగా మారుతుంది.

ముగింపులో మౌల్ వారసుడైన హోల్‌గ్రేవ్, పించన్ వంశపు ఫీబీ పెళ్లికి సిద్ధమవుతారు. దీనికి చారిత్రక ఛాయ ఉన్నది. 1692లో నిందితుడై ఆస్తి జప్తుకు గురైన వర్తకుడు ఫిలిప్ ఇంగ్లిష్ సంతతికీ, హాథార్న్ వంశానికీ తరువాత వియ్యం కుదిరింది. కాని ఈ సయోధ్యను విమర్శకులు శంకించారు; ఆ శంక సమంజసమే. తరతరాల కోసం ఇళ్లు కట్టరాదని వాదించిన హోల్‌గ్రేవ్ చివరకు జడ్జి పల్లెటింటికి తరలుతూ, అది రాతితో కట్టినదైతే బాగుండునంటాడు. పాత ఇల్లు విడిచారు గాని, పాత సంపదను విడువలేదు.

వాస్తవ చరిత్రలోనూ ఋణవిమోచనం అసంపూర్ణంగానే సాగింది. 1711లో మాసచూసెట్స్ ప్రభుత్వం పలువురి శిక్షలను రద్దుచేసి, బాధిత కుటుంబాలకు 578 పౌండ్ల 12 షిల్లింగుల పరిహారం మంజూరు చేసింది. కాని శిక్ష పడినవారిలో ఒకరైన ఎలిజబెత్ జాన్సన్ పేరు 2022 వరకు నిర్దోషుల జాబితాలో చేరలేదు.

నవలకు ప్రేరణగా చెప్పే సేలం భవనం 1668లో జాన్ టర్నర్ కట్టించినది. హాథార్న్ బంధువు సుసానా ఇంగర్‌సోల్ అక్కడ నివసించేది; అప్పటికి అందులో మూడు త్రికోణపు గోడలే మిగిలాయి. 1908లో కారొలైన్ ఎమర్టన్ దానిని కొని, నవలకు అనుగుణంగా ఏడింటినీ పునరుద్ధరించి, కథలోని చిన్న దుకాణాన్ని కూడా ఏర్పరచి, 1910లో ప్రదర్శనశాలగా తెరిచింది. ఆ రాబడిని వలసకుటుంబాల సంక్షేమానికి వినియోగించింది. ఒకరి స్థలాన్ని కాజేసి కట్టిన ఇంటి కథ, ఇల్లు విడిచి వచ్చినవారికి ఆసరా కావడం గమనార్హం. నవలలోని వారసులు తలపెట్టని ఋణశోధనం, ఈ మేరకైనా, నవల వెలుపలనే మొదలైంది.