కర్త తెలియని గిటారు వరుస

గిటారు నేర్వ మొదలిడినవారి యింట కొలది మాసములలోనే వినవచ్చు వరుస యొకటి కలదు. మూడేసి స్వరములు తరగలవలె సాగుచుండ, వానిపై సన్నని పాట తేలియాడుచుండును. ఇదేమని యడిగినచో, 'సినిమా సంగీత'మని బదులు వచ్చును.

ఆ సినిమా 'జ్యూ ఆంతెర్ది'. 'నిషిద్ధ క్రీడలు' అని దాని యర్థము. ఫ్రెంచి దర్శకుడు రెనే క్లెమాన్ తీసిన యీ చిత్రము 1952లో వెలువడి, ఆ యేడే వెనీస్ చలనచిత్రోత్సవమున బంగారు సింహము నందుకొన్నది. కథ 1940 జూన్ నాటిది. జర్మను సేనలకు వెరచి జనులు పారీసు విడిచి పోవుచుండగా, విమానముల కాల్పులలో పోలెత్ అను పసిపిల్ల తల్లిదండ్రులను, కుక్కపిల్లను కోల్పోవును. ఆమెయు, మిషెల్ అను పల్లెటూరి బాలుడును కలిసి చచ్చిన జంతువులకు రహస్యముగా శ్మశానము నేర్పరతురు. ఆమె ముచ్చట తీర్చుటకు అతడు శిలువలను దొంగిలించి తెచ్చును. ఇంతటి విషాదమునకు వాద్యబృందమేదియు లేదు, ఒంటి గిటారు చాలినది. వాయించినవాడు స్పెయిన్ దేశీయుడు నార్సిసో యెపెస్. అప్పటికి అతనికి పాతికేండ్లు నిండలేదు.

వాయించు విధము కొంత చెప్పవలెను. కుడిచేతి బొటనవ్రేలు మంద్ర తంత్రిని మీటును. ఉంగరపు వ్రేలు మొదటి తంత్రిపై పాటను పలికించును. నడిమి వ్రేలు రెండవదానిని, చూపుడు వ్రేలు మూడవదానిని మీటును. వీణపై రెండు వ్రేళ్ళు పాటను మీటుచుండ చిటికెన వ్రేలు ప్రక్క తంత్రులపై తాళము వేయుట నెరిగిన మనకు ఈ పనుల పంపకము క్రొత్త కాదు. కష్టము వేరుచోట నున్నది. మూడు స్వరములలో మొదటిదే పాట, తక్కినవి దాని నీడలు. మూడు వ్రేళ్ళును సమబలముతో మీటినచో పాట మునిగిపోవును. ముఖ్యభారమో, స్వభావముచే బలహీనమైన ఉంగరపు వ్రేలిపై పడినది! మొదటి భాగము ఇ-మైనరు. అది మేజరునకు మారగానే ఎడమ చూపుడు వ్రేలితో తంత్రులను అడ్డముగా అదిమి పట్టవలెను. పలువురు అచ్చటనే ఆగిపోదురు. మేమును చాలకాలము ఆగితిమి.

ఇంతకు దీనిని కూర్చినదెవరు? బాల్యమున తల్లికొరకు తానే కూర్చితినని యెపెస్ చెప్పెను. కాని 1941లోనే హాలీవుడ్ చిత్రము 'బ్లడ్ అండ్ సాండ్'లో విసెంతె గోమెజ్ ఈ వరుసను వాయించియుండెను. అంతకంటె బలమైన సాక్ష్యము వేరొకటి కలదు. మైనపు స్థూపములపై ధ్వనిని ముద్రించు రోజులలో, 1900 ప్రాంతమున, స్పెయినులో ముద్రితమైన ప్రతి యొకటి బయటపడినది. యెపెస్ జన్మించినది 1927లో! అతడు అబద్ధమాడెనని మేము అనజాలము. పసితనమున చెవినబడిన వరుస పెద్దయైన పిమ్మట తనలోనే పుట్టినట్లు తోచుట వింత కాదు. అయినను, మరియొకని సొత్తును అతనికి కట్టబెట్టుట న్యాయము కాదు.

ఫెర్నాండో సోర్ పేరును కొందరు చెప్పిరి. ఆంటోనియో రుబీర కూర్చినదని మరికొందరి వాదము. ఏదియు నిర్ధారణ కాలేదు గనుక, 'అజ్ఞాతకర్తృకము' అని అచ్చువేయు ప్రకాశకులే సరియైనవారని మా యభిప్రాయము. వరుస అమరికను బట్టి చూడగా, శిష్యుని ఉంగరపు వ్రేలికి బలము చేకూర్చుటకై గురువొకడు వ్రాసి యిచ్చిన పాఠమువలె మాకు కానవచ్చును. ఆ మైనపు స్థూపముపై సైతము దీనికి పెట్టిన పేరు 'గిటారు అభ్యాసము' అనియే.